నల్ల పట్టీ మీద ఏముంది?

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి ఓ సందులో, మెట్లెక్కి పోతే ఐడీ కార్డుల షాపు. కాలేజీ ట్యాగులు గుత్తులుగా వేలాడుతున్నాయి, లామినేషన్ వాసన గుప్పుమంటోంది. నేను చూడ్డానికి వెళ్లింది మాత్రం కంప్యూటర్ పక్కనున్న జానెడు నల్ల పెట్టెను. దాని మధ్యలో సన్నటి గాడి. కార్డు వెనక అయస్కాంత పట్టీని అందులో గీస్తే రాసి ఉన్నదంతా తెర మీదికొస్తుంది.

యజమాని ఓ ఫ్యాక్టరీ హాజరు కార్డు గీశాడు. తెర మీద మూడు గళ్లు, మూడు ట్రాకులకు. మొదటి గడిలో శాతం గుర్తు, ఆ తర్వాత పేరు. రెండోదాంట్లో సెమికోలన్, ఆపైన అంకెలు. రెంటికీ చివర ప్రశ్నార్థకం. మూడోది ఖాళీ. మొదటి ట్రాకులో పట్టేది 79 అక్షరాలు, రెండోదాంట్లో 40 అంకెలు. నా పేరు తెలుగులో కొడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఇంగ్లిషు పెద్దక్షరాలైతేనే తీసుకుంటుందట. అలాగే కొట్టి, ‘రైట్’ నొక్కి తెల్ల కార్డు గీస్తే పచ్చ లైటు వెలిగింది. మళ్లీ గీస్తే నా పేరు. ‘ఎరేజ్’ నొక్కి గీశాక ఏమీ లేదు.

“గింతేనా?”

“గింతే సార్. గిది తాళం కాదు, పలక. ఎవలైనా చదవచ్చు, ఎవలైనా తుడవచ్చు.”

పట్టీ చెరగడానికి ఎంత అయస్కాంత బలం కావాలో ఓర్‌స్టెడ్లలో చెబుతారు. దాన్ని బట్టి పట్టీల్లో రెండు రకాలు. 300 ఓర్‌స్టెడ్ల లోకో పట్టీ ఫోన్ కవర్ అయస్కాంతానికే చెరిగిపోవచ్చు. లాడ్జి గది కార్డులు ఎక్కువగా ఇవే. 2750 ఓర్‌స్టెడ్ల హైకో గట్టిది. అసలీ పట్టీని ప్లాస్టిక్‌కు అంటించడం 1960ల మొదట్లో ఐబీఎం ఇంజినీరు ఫారెస్ట్ పారీకి కొరుకుడు పడలేదట. ఇస్త్రీ పెట్టెతో అంటించమన్నది ఆయన భార్య.

బ్యాంకు కార్డుకు నకలు తీయమని వచ్చేవాళ్లూ ఉంటారు. “పొమ్మంట సార్, జైలు ముచ్చట అది.” పట్టీ మీది వివరాలు ఎన్నిసార్లు గీసినా అవే. ఏటీఎంలో దొంగ రీడరు, పైన చిన్న కెమెరా బిగిస్తే కార్డూ పిన్నూ రెండూ పోతాయి. చిప్ ప్రతి లావాదేవీకీ కొత్త కోడు పుట్టిస్తుంది. అందుకే 2018 డిసెంబర్ 31లోగా కార్డులన్నీ చిప్‌కు మార్చాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు గడువు పెట్టింది. తప్పు ఈ సాఫ్ట్‌వేర్‌ది అనను. పలకను అన్నేళ్లు తాళంగా వాడినవాళ్లది.

తాళంలా పనిచేసిన కార్డు సంగతీ ఇక్కడే తెలిసింది. షాపులో కుర్రాడిది ఆదిలాబాద్ దిక్కు. వాళ్లమ్మ ఉపాధి హామీ కూలి తీసుకున్న స్మార్ట్‌కార్డు ఇంకా దాచి ఉంచాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2010–12 మధ్య ఆ స్మార్ట్‌కార్డుల పథకాన్ని మండలాలవారీగా లాటరీ పద్ధతిలో విస్తరించి, ఫలితాలను పరిశోధకులు కొలిచిన ఎనిమిది జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. వేలిముద్ర సరిపోతే ఊళ్లోనే డబ్బు చేతికొచ్చేది. ఒక్కో చెల్లింపుకు దాదాపు 22 నిమిషాలు కలిసొచ్చిందని 2016లో అచ్చయిన ఆ పరిశోధన తేల్చింది.

ఇప్పుడు షాపుకొచ్చే ఆర్డర్లు చాలావరకు తాకిస్తే పలికే కార్డులకే. ఫ్యాక్టరీవాళ్లు మాత్రం పట్టీ వదలరు. గేటు దగ్గరి రీడర్లు ఇంకా పనిచేస్తున్నాయి మరి.