ఒక చిరునామా అంటే ఒక మనిషి కాదు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాస్త పెద్ద పోస్టు ఇది. కంప్యూటర్ కోర్సులో లేనివాళ్లు కూడా చదవండి, విషయం మనదే.

మా హాస్టల్లో పాత కంప్యూటర్ ఒకటుంటే లినక్స్ వేసి సర్వర్ చేశాం. పాత ప్రశ్నపత్రాలు, నోట్సు అందులో పెట్టాం. పక్క మండలం హాస్టల్ పిల్లలు కూడా చూస్తారు. బయటికి తెరిచాక కాపలా ఉండాలి కదా, అదే ఫైర్‌వాల్. మేము ఐపీటేబుల్స్ వాడాం.

అడవి చెక్‌పోస్టు మనందరికీ తెలిసిందే. ఇదీ అంతే. మొదటి నియమం: రిజిస్టరులో ఇప్పటికే పేరున్నవాళ్లని ఆపొద్దు. వీళ్లని ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ అంటారు. తర్వాత కొత్తవాళ్లు, అంటే న్యూ. వెబ్ కోసం 80, 443 పోర్టులు అందరికీ, ఎస్‌ఎస్‌హెచ్ 22 మా ల్యాబుకి మాత్రమే. కొత్తగా వస్తూ సిన్ గుర్తు లేని ప్యాకెట్‌ని పడేయాలి. ఇవన్నీ రాశాకే మిగతాదంతా డ్రాప్. దూరం నుంచి పనిచేస్తూ డ్రాప్ ముందే పెడితే మన తలుపు మనమే మూసుకున్నట్టు.

ఇక వరద. సిన్ ఫ్లడ్ అంటే వేలమంది వచ్చి రిజిస్టరులో సగం పేరు రాసి పోవడం. మిగతా సగం కోసం సర్వర్ ఎదురుచూస్తుంది, పుస్తకం నిండిపోతుంది, నిజంగా పనున్నవాడికి చోటుండదు. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద ఇలాంటి దాడే జరిగింది. ఆ ఏడాదే సిన్ కుకీల ఆలోచన వచ్చింది: పుస్తకంలో రాయకుండా ముందు చీటీ ఇవ్వాలి, చీటీతో తిరిగొస్తేనే పేరు రాసుకోవాలి. లినక్స్‌లో అది ఉంది, ఆన్ చేసి ఉంచాం.

మాలో వాదన వచ్చింది పరిమితి దగ్గర. లిమిట్ అందరినీ కలిపి లెక్కపెడుతుంది, దాడి చేసేవాడొక్కడే కోటా మొత్తం తినేస్తాడు. హ్యాష్‌లిమిట్ చిరునామాకు విడిగా లెక్కపెట్టగలదు. సరే, చిరునామాకి ఎన్ని? పది చాలన్నారు కొందరు.

పోయినేడు స్కాలర్‌షిప్ ఆఖరి రోజు గుర్తు తెచ్చుకోండి. హాస్టల్ మొత్తానికి ఒకే కనెక్షను, అందరి ఫోన్లూ బయటికి ఒకే చిరునామాగా కనపడతాయి. అందరం ఒకేసారి ఫారం తెరిస్తే, రిక్వెస్టులు ఎక్కువయ్యాయి, తర్వాత రండి అని వచ్చింది. ఇంట్లో సొంత నెట్ ఉన్నవాడు ఒక్కడు, ఒక్కడిగానే లెక్కకొచ్చాడు. మనం ఎనభైమందిమి కూడా ఒక్కడిగానే లెక్కకొచ్చాం. అందుకే దాడి చేసేవాడిలా కనపడ్డాం.

అందుకని మేము లెక్క వేసుకున్నాం. మామూలుగా ఒక బ్రౌజరు ఒక సైటుకి ఒకేసారి 6 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. పక్క హాస్టల్లో 40 మంది ఒకేసారి తెరిస్తే 240. అందుకే ఒక్కసారిగా 300 దాకా వదిలి, ఆ తర్వాతే సెకనుకి 20 అని పెట్టాం. పది పెట్టుంటే పరీక్ష ముందురోజు ఆ పిల్లలే బయట నిలబడేవాళ్లు.

రేపు మనలో ఎవరో ఒకరు పెద్ద ఆఫీసులో కూర్చుని ఇలాంటి నియమాలు రాస్తారు. అంకె వేసేముందు, ఆ చిరునామా వెనక ఒక హాస్టల్ ఉందేమో అడగండి. డౌట్లుంటే కింద రాయండి, ఆదివారం ల్యాబులోనే ఉంటాం.