బాద్‌షా కూతురు

చార్మినార్ చుట్టుపక్కల ఏ ఆటో ఎక్కినా, ఏ ముత్యాల కొట్టులో కూర్చున్నా భాగమతి కథ వినక తప్పదు. పొంగిన మూసీలోకి గుర్రాన్ని దూకించిన షాహజాదా, అవతలి ఒడ్డున చిచ్‌లం పల్లె, అక్కడో నాట్యగత్తె. కొడుకు ప్రాణాల మీద బెంగతో తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా పురానాపుల్ కట్టించాడట. వంతెన పూర్తయింది 1578లో. కొడుకు ముహమ్మద్ కులీ పుట్టింది 1565లో. పదమూడేళ్ల పిల్లాడి ప్రేమ కోసం ఏ తండ్రయినా అంత రాతి వంతెన కట్టిస్తాడా అని ఆటో అతన్ని అడిగాను. "మొహబ్బత్‌కు ఉమర్ ఏంది సార్" అన్నాడు. మీటరు మాత్రం వెయ్యలేదు.

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా చూడటంతోనే ముందు రోజులు గడిచిపోయాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను కదలనివ్వనిది మదీనా చౌరస్తా దగ్గరి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. బయట హారన్ల మోత, చీరల బేరాలు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే నున్నటి గచ్చు చల్లదనం అరికాళ్లకు తగులుతుంది. ముందున్న ఎత్తైన కర్ర స్తంభాల హాలు నిజాం కాలంలో చేర్చింది. అది దాటితే అసలు గోడ.

మొహర్రంలో పీర్లను నిలబెట్టే చోటు ఇది. ముహమ్మద్ కులీ చార్మినార్ కట్టించిన కొద్ది ఏళ్లకే దీన్నీ కట్టించాడు. పలకల పని 1611 నాటికి ముగిసింది. దూరం నుంచి ముగ్గేసిన తివాచీలా కనిపించే గోడ, దగ్గరికి పోయేసరికి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. నీలానికి నీలం, ఆవపసుపుకు ఆవపసుపు, ఏ రంగు ముక్కను ఆ రంగులో విడిగా కోసి, పక్కపక్కన ఇమిడ్చారు. ఆకు తొడిమ వంపు తిరిగిన చోట పచ్చ ముక్క వెంట్రుకంత సన్నబడుతుంది. దాని పక్కన తెల్ల ముక్కను సరిగ్గా అంతే వంపుతో కోశారు. కోసినవాడి చెయ్యి వణకలేదు. కింది భాగం మాత్రం వెలవెలబోతుంది. 1908 మూసీ వరదలో అక్కడి పలకలు పోయాయి. ఆ చోట రంగులతో పలకల్లాగే చిత్రించారు గానీ ఆ వెలితి తెలిసిపోతుంది. అక్కడున్న పెద్దాయన నేను ఎంతసేపటికీ కదలకపోయేసరికి కుర్చీ తెచ్చి వేశాడు. "కూసోని చూడండి, గోడ యాడికి పోదు" అన్నాడు.

కూర్చున్నాక ఈ గోడ కట్టించిన కుతుబ్ షాల ఇంటి కథ బుర్రలో తిరగడం మొదలైంది. అదేమంత సుఖమైన ఇల్లు కాదు. వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీని 1543లో చంపించింది సొంత కొడుకు జంషీదే. తమ్ముడు ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని విజయనగరంలో అళియ రామరాయల నీడన ఏడేళ్లు గడిపాడు. తిరిగొచ్చి గద్దెనెక్కాక అద్దంకి గంగాధర కవి చేత తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నాడు. తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు. ఆయన కొడుకే ముహమ్మద్ కులీ. ముహమ్మద్ కులీకి మిగిలిన ఒక్కగానొక్క కూతురు హయాత్ బక్షీ బేగం.

ఈ పిల్ల కోసం ఇరాన్ షా అబ్బాస్ 1603లో రాయబారిని పంపాడు. తన కొడుకుల్లో ఒకరికి చేసుకుంటామని కబురు. ఆ రాయబారి ఏళ్ల తరబడి ఈ ఊళ్లోనే మకాం వేశాడు. ముహమ్మద్ కులీ అవునని అనకుండా, కాదని తెంచకుండా, మర్యాదలు చేస్తూనే పిల్లను తమ్ముడి కొడుకు సుల్తాన్ ముహమ్మద్‌కిచ్చి చేశాడు. మన వైపు అది అన్నాచెల్లెళ్ల వరస, వాళ్లలో మామూలే. షా అబ్బాస్ మాట కాదన్న మరో ఇంటి ఆడది ఏమైందో చూస్తే ఆ తండ్రి తెలివి అర్థమవుతుంది. జార్జియాలోని కాఖేతి రాణి కేతెవాన్ మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో ఆమెను చిత్రహింసలు పెట్టి చంపించాడు. ఆమె అస్థికలను పోర్చుగీసు సన్యాసులు గోవాకు చేర్చారు. అక్కడి శిథిలాల్లో దొరికిన ఎముక ఆమెదేనని డీఎన్ఏ పరీక్షతో తేల్చింది మన హైదరాబాద్ సీసీఎంబీ. 2021లో ఆ ఎముకను జార్జియాకు అప్పగించారు.

మధ్యాహ్నానికి ఆకలి దంచేసింది. పురానీ హవేలీ దగ్గర చార్‌కోనీ నాన్ కొట్టుకు పోయాను. పిండిని నలుపలకలుగా ఒత్తి, నడుమ గాట్లు పెట్టి, తందూరు గోడకు చరిచి అంటిస్తారు. అంచులు కరకర, నడుము మెత్తన. కూర లేకుండానే ఒకటి లాగించాను. పక్క గల్లీలో దొరికిన ఇరానీ చాయ్ మాత్రం పంచదార పాకమే.

హయాత్ బక్షీ అసలు రాజ్యం భర్త పోయాక మొదలైంది. 1626లో గద్దెనెక్కిన కొడుకు అబ్దుల్లాకు పన్నెండేళ్లు. పాలన తల్లి చేతుల్లో నడిచింది, జనానికి ఆమె మాసాహెబా. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, నగరం దోపిడీకి గురై, కొడుకు కోటలో దాక్కుంటే, ముసలితనంలో శత్రువు డేరాకు స్వయంగా వెళ్లి బేరం కుదిర్చింది ఆమే. మనవరాలిని ఔరంగజేబు పెద్ద కొడుక్కిచ్చింది. కోటి రూపాయలకు ఒప్పుకుని ఇంకో ముప్పై ఏళ్ల ఆయువు ఇంటికి కొనుక్కుంది. విజయవాడ బస్సులో ఊళ్లోకి దిగేవాళ్లంతా ఆమె పేర వెలసిన హయత్‌నగర్ మీదుగానే వస్తారు, ఎవరూ తల తిప్పి చూడరు.

సాయంత్రం గోల్కొండ దగ్గరి గోరీల తోటకు పోయాను. 1667లో పోయిన ఆమె సమాధి రాజుల సమాధులకు ఏ మాత్రం తీసిపోదు. గైడు అక్కడ ఆగకుండా ముందుకు నడుస్తుంటే, ఇది ఎవరిదని పిలిచి అడిగాను. "ఇదా సార్? భాగమతి బిడ్డది" అని మూసీ వరద దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.