కాలవ కట్టేసిన నలభై రోజులు

"కాలవ కట్టేత్తారంట."

ఏప్రిల్ నెల వచ్చిందంటే మా పేటలో ఈ మాటతోనే తెల్లారేది. అప్పటికి దాళ్వా కోతలకొస్తుంది. చేలకి నీళ్ళతో పని తీరిపోతుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు పశ్చిమ డెల్టాలోకి దిగే తూముల తలుపులు దించేస్తారు. కొద్ది రోజుల్లోనే తణుకు చుట్టుపక్కల కాలవలన్నీ అడుగంటుతాయి. మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఈలోగా లాకులు, తూములు, వంతెనలు, గట్లు బాగుచేసుకోవాలి. పూడిక తీసుకోవాలి. నలభై రోజులో, యాభై రోజులో. అదంతా తాత్కాలికం అంటారు. ఈ తాత్కాలికం ఎవరికి, ఎంతకాలం అన్నది మా ఇంట్లో మూడు తరాలు చూసిన లెక్క. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మా తాత పడవ లాగేవాడు. పడవ ఆయనది కాదు. గట్టు మీద తాడు భుజానికేసుకుని ముందుకి వొంగి నడవడం ఆయన పని. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే తాతలాంటి వాళ్ళ భుజాలే గాలి. ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, కలప అన్నీ ఆ పడవల మీదే నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి నిడదవోలు దాకా, అక్కడి నుంచి ఏలూరు కాలవ మీదుగా బెజవాడ దాకా పోయేవి. పడవ మీద అన్నం వండేవాళ్ళు. తాతకి మాత్రం గట్టు మీద, ఆకులో పడేసేవాళ్ళు. లాగేటప్పుడు తాడుకి లేని మైల తినేటప్పుడు కంచానికి వచ్చేది.

లాకు గురించి తాత చెబితే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. "లాకంటే నీళ్ళకి మెట్టే. ఎగువ నీళ్ళు ఎత్తునుంటాయి, దిగువ నీళ్ళు పల్లాన ఉంటాయి. పడవని రెండు తలుపుల మజ్జిన పెట్టి, ఎనకాల తలుపు మూసేసి, లోపలి నీళ్ళు ముందరి నీళ్ళకి సమానం సేత్తారు. అప్పుడు ముందు తలుపు తీత్తారు. రెండు తలుపులూ ఒక్కసారి మటుకు తియ్యరు." ఆ తలుపు చెక్క పుచ్చినా, కింద రాయి కదిలినా నీళ్ళుండగా బాగుచెయ్యలేరు. కాలవ కట్టేసి, పడవలు ఆపాల్సిందే.

పడవల ఆసాములకి ఆ సంగతి ముందే తెలిసేది. ఫలానా తారీకు నుంచి లాకు మూస్తున్నాం, ఫలానా తారీకున తీస్తాం అని కబురొచ్చేది. వాళ్ళు సరుకులు ముందే చేరవేసుకునేవారు. పడవల్ని గట్టెక్కించి వాటికీ మరమ్మతులు చేయించుకునేవారు. తాతకి మాత్రం పడవ కట్టేసిన రోజు సాయంత్రమే తెలిసేది, రేపటి నుంచి కూలి లేదని. మర్నాడు ఆయన పార పుచ్చుకుని అదే కాలవలోకి దిగేవాడు. నిన్నటిదాకా గట్టు మీద నడిచినవాడు ఈరోజు అడుగు బురదలో నడుములోతున పూడిక తీసేవాడు. తీసిన మట్టికి కొలతేసి కూలి. కొలిచేవాడు గట్టు మీద గొడుగు కింద ఉండేవాడు.

ఒక ఏడాది జూన్‌లో కాలవ వదిలారు గానీ తాత పడవకి సరుకు రాలేదు. ధాన్యం లారీ ఎక్కేసింది. ఆ తర్వాత ఏడు ఇంకొంచెం తగ్గింది. "మూసేటప్పుడు సెప్పారు గానీ, ఇక తియ్యమని మటుకు సెప్పలేదు," అనేవాడు తాత.

ఇక నీళ్ళ సంగతి. అది మా నాయనమ్మ సంగతి.

మా ఊళ్ళో కాలవ కడతారని టముకు వేసేది ఎవరనుకున్నారు? మా పేట మనిషే. వెట్టి చేసే ముసలాయన డప్పు తగిలించుకుని ఊరంతా తిరిగేవాడు. "ఎల్లుండి కాలవ కట్టేత్తన్నారహో, సెరువులు నింపుకోవాలహో" అని అరిచేవాడు. రామాలయం వీధి, కామందుల వీధి, కోమట్ల వీధి, అన్నీ తిరిగేవాడు. పేటలో మాత్రం టముకు వేసేవాడు కాదు. వెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. కబురు మోసినవాడు మావాడే, కబురు అందనిది మాకే.

ఊళ్ళో రెండు చెరువులు. ఒకటి ఊరి చెరువు, రెండోది మా చెరువు. రెండూ కాలవ నీళ్ళతోనే నిండాలి. ముందు ఊరి చెరువు తూము తీసేవారు. అది గట్టుదాకా నిండాక మా తూము వంతు. అప్పటికి కాలవలో నీళ్ళు తగ్గిపోయి తూము నోటికి అందేవి కావు. సగం నిండిన చెరువుతో పేట మొత్తం ఎండాకాలం నెట్టాలి. మే వచ్చేసరికి నీళ్ళు పచ్చబడేవి. నాయనమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి తేర్చేది. అవీ అయిపోతే బిందె తీసుకుని ఊరి చెరువు రేవుకి పోయి నిలబడేది. దిగకూడదు. ఎవరన్నా దయదలచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. ఆదివారం గుడిలో పాస్టరుగారు సమరయ స్త్రీ కథ చెప్పినప్పుడల్లా నాయనమ్మ ఇంటికొచ్చి అనేది: "ఆవిడ్ని నీళ్ళడిగిన ఆయన ఉన్నాడు. మనల్ని అడిగేవోడూ లేడు, మనకి పోసేవోడూ లేడు."

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. నాకు పదేళ్ళప్పుడు జరిగింది చెబుతాను. అప్పటికి అంటరానితనం నేరమని చట్టం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టమూ వచ్చింది. నేను అయిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడాది లాకు మరమ్మతని కాలవ ముందుగానే కట్టేశారు. మా చెరువు మోకాలి లోతు కూడా నిండలేదు. మే నెలలో పేటలో పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా తమ్ముడు రెండు రోజులు లేవలేదు.

అమ్మ ఒక బిందె తను తీసుకుని, చిన్న బిందె నాకిచ్చి ఊరి చెరువుకి బయల్దేరింది. రేవులో చాలాసేపు నిలబడ్డాం. పోసేవాళ్ళు రాలేదు. కామందుగారొకాయన పళ్ళు తోముకుంటూ చూశాడు.

"ఏమే, మీ చెరువు మీకుందిగా?"

"ఎండిపోయిందండి బాబూ. పిల్లోడికి బాగోలేదండి."

"అయితే నిలబడు. ఎవరన్నా వత్తారు."

అమ్మ ఇంకాసేపు నిలబడింది. తర్వాత నా చెయ్యి వదిలేసి మెట్లు దిగింది. పాదాలు తడిశాయి, పిక్కలు తడిశాయి. బిందె ముంచింది. బుడబుడమని నీళ్ళు లోపలికి పోతున్న చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. ఆయన కేకలేశాడు. అమ్మ బిందె చంకనెత్తుకుని పైకొచ్చి ఒకే మాట అంది: "పోయినేడు ఈ సెరువు పూడిక తీసింది నేనేనండి. అప్పుడు అడుగుదాకా దిగానండి."

నా చిన్న బిందె కూడా ముంచి ఇచ్చింది. ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి ఊరు పోగయింది. చెరువు మైలపడిందన్నారు. నీళ్ళన్నీ తోడేసి కొత్తనీళ్ళు పెట్టించాలన్నారు. అప్పుడు కాలవ లస్కరు చెప్పాడట, "ఎక్కడి నీళ్ళండీ? లాకు పని జరుగుతుంది. జూన్ దాకా చుక్క రాదండి" అని. దాంతో అందరూ నోళ్ళు మూసుకున్నారు. కాలవ కట్టేసి ఉంది కాబట్టి మా అమ్మ పాదాలు పెట్టిన నీళ్ళనే ఊరంతా కాలవ వదిలేదాకా తాగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మా తమ్ముడు బతికాడు.

దెబ్బ వేరేచోట కొట్టారు. సార్వా ఊడ్పులకి మా అమ్మ జట్టుని పిలవలేదు. పొరుగూరి నుంచి ట్రాక్టర్ల మీద కూలీలని తెచ్చుకున్నారు. అమ్మతో పాటు జట్టులో ఉన్న ఆడవాళ్ళంతా పస్తులున్నారు. పేట పెద్దలే అమ్మని తిట్టారు, "ఒక్క బిందె కోసం పేట నోటికాడి కూడు తీసేశావు" అని. అమ్మ మారు మాట్లాడలేదు. రాత్రిపూట నాయనమ్మతో మెల్లగా అంటుంటే విన్నాను: "కారంచేడులోనూ బిందే కదా అత్తా." భయంతో అందో ధైర్యంతో అందో అప్పుడు నాకు తెలియలేదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని పాడుచేస్తుంటే ఇదేమిటని అడిగిన గొడవలో మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తారీకున, పేట మీద పడి ఆరుగురిని చంపేశారు. అమ్మకి చదువు రాదు. కానీ ఆ సంగతి తెలుసు. తెలిసే దిగింది.

ఇంట్లో తిండికి లేక నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశారు. అలా నా చదువు సాగింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. బి.ఇ.డి. చదివేటప్పుడు మహద్ గురించి చదివాను. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఆ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానించింది కూడా. అయినా ఆయన తాగాక అగ్రవర్ణాలు పేడా, పంచితం కలిపి చెరువుని శుద్ధి చేసుకున్నారు. చివరికి హైకోర్టులో మనవాళ్ళు గెలిచింది 1937లో. పదేళ్ళు. ఆ పేజీ మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా అమ్మ వెనక వేలమంది లేరు. పదేళ్ళ పిల్ల ఒక్కతే ఉంది, అదీ వణుకుతూ.

ఇప్పుడు మా ఊళ్ళోనూ కాటన్ దొర విగ్రహం ఉంది. గోదావరి జిల్లాల్లో లేని ఊరు అరుదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీకీ ఆయన పేరే. దాదాపు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. ఆయన్ని తలుచుకుని దండం పెట్టేవాళ్ళున్నారు, సంకల్పంలో పేరు చెప్పే పురోహితులున్నారు. నాకు ఆయన మీద కోపం లేదు. రైళ్ళ కంటే పడవల కాలవలే ఈ దేశానికి మేలని వాదించిన మనిషి. కానీ ఆ మట్టి మోసింది వేలమంది కూలీలు. వాళ్ళకి ఒక్క రాయి కూడా నిలబెట్టలేదు. ఏటేటా పూడిక తీసి ఆ కాలవల్ని బతికించినవాళ్ళ పేర్లు ఏ సంకల్పంలోనూ లేవు.

మొన్నామధ్య బళ్ళో కాలవల పాఠం చెబుతూ, మా తాత ఇక్కడే పడవ లాగేవాడన్నాను. ఒక పిల్లాడు లేచి, "పడవెట్టా ఎల్లుద్ది టీచరండీ, వంతెన తగిలెయ్యదా?" అన్నాడు. వాడి మాట నిజం. లారీల కాలం వచ్చాక కట్టిన వంతెనల్లో చాలావాటి కింద పడవ దూరదు. 2008లో కాకినాడ, ఏలూరు కాలవల్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు గానీ మా పిల్లలెవరూ ఆ కాలవల మీద సరుకు పడవ చూడలేదు. పాంబన్‌లో సముద్రం మీద రైలు వంతెన ఉంది, ఓడ వస్తే మధ్య ముక్క పైకి లేపుతారని పిల్లలకి చెప్పాను. 1914 నాటి పాత వంతెన పాడైతే 2022 డిసెంబర్‌లో రైళ్ళు ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో కొత్తది తెరిచారు. అంటే అక్కడ పోయేవాళ్ళ దారి గురించి ఎవరో ఆలోచించారు. మా తాత దారికి అడ్డంగా వంతెన కట్టేటప్పుడు ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

పేటలో ఇప్పుడు కుళాయిలున్నాయి, కొనుక్కునేవాళ్ళకి నీళ్ళ టిన్నులున్నాయి. అయినా కాలవ కట్టేముందు చెరువు నిండకపోతే ఆ కుళాయిలూ రావు. అందుకే ఏటా మార్చిలో నేనొక అర్జీ రాస్తాను. పేట చెరువు ముందు నింపాలని. మొదటిసారి పట్టుకెళ్ళినప్పుడు ఆఫీసులో ఒకాయన చదివి, "మీదీ అదే ఊరు కదండీ, మళ్ళీ వేరే చెరువేంటి?" అన్నాడు.

"ఆ మాట ఊళ్ళోకొచ్చి చెప్పండి సార్, చాలు," అన్నాను.

ఆయన రాలేదు. మా కుర్రాళ్ళే రెండు రాత్రులు తూము దగ్గర కాపలా ఉన్నారు. మూడో రోజు పొద్దున్న మా చెరువు గట్టుదాకా నిండింది. అమ్మ వచ్చి చూసి, మెట్లు దిగి, కాళ్ళు తడుపుకుని, ఏమీ అనకుండా ఇంటికెళ్ళిపోయింది.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. బాగుచేస్తున్నాం, కొన్నాళ్ళు ఓపిక పట్టండి అని మనకి ఎప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బాగుచెయ్యడానికి మనమూ అడ్డం కాదు. పార పట్టేది మనమే కదా. కాకపోతే మూసే తారీకుతో పాటు తీసే తారీకు కూడా కాగితం మీద రాయించుకోండి. టముకు పేటలో కూడా వేయించండి. మా తాత ఆ రెండూ అడగలేదు.