ఇంటికి రెండు అద్దెలు

మహానగరంలో ప్రతి ఇంటికీ రెండు అద్దెలుంటాయి. మొదటిది నెలనెలా యజమానికి చెల్లించేది. రెండవది కుటుంబంలో ఎవరో ఒకరు ప్రతిరోజూ తమ నిద్రలోనుంచి, ఓపికలోనుంచి, ఒక్కొక్కసారి ఆరోగ్యంలోనుంచి చెల్లించేది. మొదటిదానికి రసీదు ఉంటుంది, రెండవదానికి ఉండదు. కాబట్టే కొత్తగా నగరానికి వచ్చే కుటుంబాలు మొదటి అద్దెను తగ్గించుకోవడానికి శతవిధాల ప్రయత్నిస్తాయి. రెండవదాన్ని లెక్కలోకే తీసుకోవు.

నా భార్యకు విజయవాడ నుంచి ముంబయికి బదిలీ అయినప్పుడు ఈ సంగతి మాకు అనుభవంలోకి వచ్చింది. ఆమె ఆఫీసు నగరపు దక్షిణ కొసన, ఫోర్టు ప్రాంతంలో. నా వృత్తి అనువాదం. ఒక బల్ల, దీపం, నాలుగు నిఘంటువులు ఉంటే ఎక్కడైనా సాగుతుంది. కాని మాతోబాటు బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మా అమ్మ ఉన్నారు. ఒక జీతానికీ, ఎప్పుడు చేతికందుతుందో తెలియని అనువాద పారితోషికానికీ లోబడి ఐదుగురికి ఇల్లు దొరకాలి.

ముంబయిలో ఇళ్లు ఎందుకంత ప్రియమో తెలుసుకోవాలంటే ముందు పటం చూడాలి. సముద్రంలోకి చాచిన వేలులాంటి సన్నని నేల అది. వ్యాపారం, కార్యాలయాలు మొదట దక్షిణ కొసన వెలిశాయి. జనం పెరిగినకొద్దీ ఉత్తరానికి జరగడం తప్ప మార్గం లేకపోయింది. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. తరువాత జనావాసం ఆ పట్టాల వెంబడే పాకింది. ఇప్పుడు చర్చిగేట్ నుంచి విరార్ 60 కిలోమీటర్లు; పాత బోరీబందర్ వద్ద ఉన్న నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుంచి కల్యాణ్ సుమారు 54 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క బృహన్ముంబయిలోనే 1 కోటి 24 లక్షల మంది ఉన్నారు. ఈ నగరంలో అద్దె గోడలకు కాదు, స్టేషనుకు కడతారు.

పటం తరువాత చట్టం. సామాన్యులను కాపాడే సదుద్దేశంతో 1947లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం, పాత ఇళ్ల అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయికి కట్టివేసింది. ఉన్నవారికి అది రక్ష అయింది. తరువాత వచ్చినవారికి తలుపు మూసుకుపోయింది. చాలీచాలని అద్దెతో మరమ్మతులు చేయించడానికి యజమానులు ముందుకు రాలేదు. ఖాళీ అయిన ఇంటిని అద్దెకివ్వడానికి జంకారు. ఇల్లు చేతులు మారాలంటే ‘పగిడీ’ అనే పెద్ద మొత్తం చెల్లించే ఆచారం పాతుకుపోయింది. పగిడీ అంటే తలపాగా. ఆ మాటను తెలుగు చేయడం సులభమే. దాని వెనుక ఉన్న భారాన్ని తెలుగు చేయడం కష్టం. 1999 నాటి కొత్త చట్టం, 2000 మార్చి 31న అమలులోకి వచ్చి, ఆ ఆచారాన్ని చట్టబద్ధం చేసింది.

మావంటి కొత్తవారికి దక్కేది ‘లీవ్ అండ్ లైసెన్స్’ ఒప్పందం. సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. దానివల్ల మనం కిరాయిదారులం కాము, అనుమతి పొందిన అతిథులం మాత్రమే. గడువు తీరినా ఖాళీ చేయకపోతే అద్దెకు రెట్టింపు నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. అయితే మహారాష్ట్ర చట్టంలో మనకు పనికివచ్చే అంశమూ ఒకటి ఉంది. ఒప్పందం ఎంత కాలానికైనా, దానిని రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిది. డిపాజిట్టు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం చెబుతుంది. కాని అది రాష్ట్రాలు స్వీకరించిన చోటనే చెల్లుతుంది. మమ్మల్ని అడిగినవారిలో రెండు నెలలతో సరిపెట్టినవారు ఒక్కరూ లేరు. దానికితోడు బ్రోకరుకు ఒక నెల అద్దె. అంటే ఇంట్లో కాలు పెట్టకముందే దాచుకున్నదంతా కరిగిపోతుంది.

మూడు వారాలలో పదిహేడు ఇళ్లు చూశాం. దాదర్‌లో నాలుగవ అంతస్తులో ఒకటే గది, వంటిల్లు, లిఫ్టు లేదు. డోంబివలీలో రెండు పడక గదుల విశాలమైన ఇల్లు; అద్దె దాదర్ ఇంటిలో సగం. బాల్కనీలోంచి చెట్లు కనిపించాయి. నా పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక గది! మనసు అక్కడే నిలిచిపోయింది.

ఆ సమయంలోనే వర్లీలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. కరీంనగర్ ప్రాంతం నుంచి చిన్నతనంలో వచ్చి బట్టల మిల్లులో పనిచేసినవారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో వేలాదిమందితోపాటు పని పోగొట్టుకున్నారు. ఈ నగరానికీ తెలుగువారి శ్రమకూ సంబంధం పాతది; కామాఠీపురా పేరే మన ప్రాంతాల నుంచి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. ఆయన నా మాటలన్నీ విని ఇలా అన్నారు: “సార్, ఇల్లును పగటిపూట సూడకుండ్రి. పొద్దుగాల ఎనిమిది గొట్టంగ ఆడి టేషన్ల నిలబడి సూడుండ్రి. బండి ఎక్కగలుగుతమనుకుంటే గప్పుడు ఇల్లు సూడుండ్రి.”

మరునాడు ఉదయం ఎనిమిది గంటలకు నేనూ నా భార్యా డోంబివలీ స్టేషనులో నిలబడ్డాం. రెండు బండ్లు వదిలేసి మూడవది ఎక్కాం. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మహిళల పెట్టెలో ఉద్యోగినులు ఒడిలో కాగితం పరచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారట. రాత్రి వంట అక్కడే మొదలవుతుందన్నమాట. రెండవ అద్దె అంటే ఏమిటో ఆమెకు ఆనాడు కళ్లకు కట్టింది.

ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాం. డోంబివలీ నుంచి ఆఫీసుకు ఇంటి గడప మొదలు రానూపోనూ నాలుగు గంటలు. హార్బరు మార్గంలో చెంబూరు నుంచైతే రెండు గంటలు. నెలకు 22 పనిదినాలనుకుంటే తేడా 44 గంటలు. ఏడాదికి 528 గంటలు. అనగా నిండుగా 22 రాత్రింబవళ్లు! నా గది కోసం ఆమె ఏటా 22 రోజులు రైలులో నిలబడాలి. అయినా ఆమె, “నాకేం ఫరవాలేదండీ, అలవాటైపోతుంది” అన్నది.

అమ్మ ఇంకొక అడుగు ముందుకు వేసింది. “నేను తమ్ముడి దగ్గర ఉండిపోతాలేరా నాన్నా. నేను లేకపోతే మీకు ఆ మెట్ల ఇల్లయినా పనికొస్తుంది” అన్నది.

ఇంట్లో ఒకరిని తీసివేస్తే ఏ ఇల్లయినా సరిపోతుంది. ఒకరి ఆరోగ్యాన్ని తీసివేస్తే ఏ దూరమైనా దగ్గరే. కుటుంబంలో ఎక్కువ ప్రేమించేవారే రెండవ అద్దెకు ముందుగా చేయి చాపుతారు. వారు గొణగరు కనుక లెక్కలో కనబడరు. చవక అని మనం సంతోషించే ఇల్లు చాలాసార్లు వారి ఖాతాలోనే చవకవుతుంది.

చివరకు చెంబూరులో ఒక పాత కాలనీలో కింది అంతస్తు ఇల్లు కుదిరింది. ఒక పడక గది, హాలు, వంటిల్లు. డోంబివలీ అద్దె కంటే ఎక్కువే, గదులు తక్కువే. హాలులో ఒక వైపు అమ్మ మంచం, మరొక వైపు నా బల్ల. రాత్రి తొమ్మిది దాటితే టీవీ ఉండదు. అబ్బాయి మడత మంచం రోజూ తానే వేసుకుని తానే తీస్తాడు. నా నిఘంటువులు సగం తమ్ముడి ఇంట్లో అట్టపెట్టెలలో ఉన్నాయి; కావలసిన మాట తట్టనప్పుడు అతనికి ఫోను చేస్తాను. ఇరుకు లేదని అనను. కాని ఆ ఇరుకును ఐదుగురం పంచుకున్నాం.

కొత్త నగరానికి బయలుదేరేవారికి నేను చెప్పగలిగినది ఇంతే. ఇల్లు చూసేటప్పుడు గోడల లోపలి నికరమైన వైశాల్యం ఎంతో అడగండి. ఒప్పందం రిజిస్టరు చేయించమని పట్టుబట్టండి. ఉదయం రద్దీలో ఒకసారి ప్రయాణం చేసి చూడండి. అన్నీ అయిన తరువాత ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని, ఒక కాగితం మీద రెండు అద్దెలూ రాయండి. రెండవ అద్దె పక్కన అది ఎవరు కడతారో వారి పేరు రాయండి. అక్కడ ఒక్క పేరే మళ్లీ మళ్లీ వస్తున్నట్లయితే, ఆ ఇల్లు ఎంత చవకైనా మీ తాహతుకు మించినదే.