రెండో దుంకు

పోయిన జూన్‌లో కోరుట్ల వెళ్లినప్పుడు నా చేతికి ఒక స్టాప్‌వాచ్ వచ్చింది. ఇచ్చినవాడు చిన్ననాటి దోస్తు, ఇప్పుడు సర్కారు బడిలో పీఈటీ. స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లకు మండల స్థాయి పరీక్షలు జరుగుతున్నాయి, చేసే మనుషులు తక్కువ. "నువ్వెట్లాగూ ఖాళీగున్నవ్ గదరా, ల్యాప్‌టాప్ పట్టుకోని రా, మార్కులు ఎక్కిద్దువు" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌వాడు సెలవు పెట్టి ఊరికొస్తే అందరికీ అదే లెక్క.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. పిల్లల్ని నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. మండలంలో నెగ్గినవాళ్లు జిల్లాకు, అంటే మావాళ్లు జగిత్యాలకు, అక్కడా నెగ్గితే రాష్ట్ర స్థాయికి వెళ్తారు. ఎత్తు, బరువు చూస్తారు. ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, షటిల్ రన్, ఒళ్లు ఎంత వంగుతుందో చూడటం, చివర్లో 800 మీటర్లు. సీటొస్తే చదువు, తిండి, హాస్టలు, కోచ్ అన్నీ సర్కారువే. పరీక్షకొచ్చేది ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు.

నాకు పట్టికలంటే ఇష్టం. పదకొండు గంటలకల్లా ఎక్సెల్ షీటులో ర్యాంకులు వాటంతటవే పైకీ కిందికీ జరుగుతుంటే భలే తృప్తిగా అనిపించింది. అప్పుడు ముప్పై నాలుగో నంబరు పిల్లవాడు వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. నిలబడి దూకమంటే అర్థంకాక, వెనక్కిపోయి ఉరికొచ్చి దూకబోయాడు. ఆపి మళ్లీ గీత మీద నిలబెడితే దూకి, వెనక్కి కూలబడ్డాడు. అందరూ నవ్వారు. వాడు పక్కకు పోయి ఏడవలేదు. మిగతా పిల్లలు చేతులు ఎట్లా ఊపుతున్నారో, మోకాళ్లు ఎంత వంచుతున్నారో నిలబడి చూశాడు. తన రెండో దుంకు వచ్చేసరికి మొదటిదానికంటే రెండు జానలు ఎక్కువ దూకాడు.

"సూసినవా? గా పోరనికి ఎవలు నేర్పలే. సూసి నేర్సుకున్నడు" అన్నాడు దోస్తు.

సూసినా ఏం లాభం? షీటులోకి ఎక్కేది రెండింట్లో ఎక్కువది మాత్రమే. ఆ ఎక్కువది కూడా మధ్యస్థంగానే ఉంది. "నేర్చుకోవడానికి ఇందులో కాలమ్ లేదురా" అన్నాను. హాస్యానికే అన్నాను గానీ, ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు.

మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడు మిగతావాళ్లకంటే తలెత్తు పొడుగు. కొత్త బూట్లు. రెండు నెలలు సమ్మర్ క్యాంపులో ఇవే పరీక్షలు ప్రాక్టీసు చేసి వచ్చాడు. వాడి తప్పేం లేదు, రేపు నిజంగానే గొప్ప ఆటగాడు కావచ్చు. కానీ మేం ఆ పొద్దున కొలిచింది వాడు ఏమవుతాడో కాదు, అప్పటికే వాడికి ఏమేం అందాయో.

ఈ రోగం మాదొక్కటే కాదు. మా ఆఫీసులో కెనడా టీమ్‌వాళ్లకు ఐస్ హాకీ పిచ్చి. ఏటా పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఎన్‌హెచ్‌ఎల్ జట్లు డ్రాఫ్టులో ఎంచుకుంటుంటే మన ఐపీఎల్ వేలంలాగా చూస్తారు. 1980ల్లో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్టు అక్కడి జూనియర్ ఆటగాళ్ల పుట్టినరోజులు చూసి ఆశ్చర్యపోయాడు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు గనక, జనవరిలో పుట్టినవాడు డిసెంబరువాడికంటే దాదాపు ఏడాది పెద్ద. చిన్నప్పుడు ఆ ఏడాదినే ప్రతిభ అనుకుంటారు. మంచి కోచ్‌ని ఇస్తారు, ఎక్కువసేపు ఆడిస్తారు. కొన్నేళ్లకు అది నిజంగానే ప్రతిభ అయి కూర్చుంటుంది. ఇంత వ్యవస్థ ఉండి కూడా 1993లో అందరికంటే ముందు ఎంపికైన అలెగ్జాండర్ డేగ్ అనుకున్నంత ఆటగాడు కాలేదు. 1998లో 171వ స్థానం దాకా ఎవరికీ పట్టని పావెల్ దాత్సూక్ తన కాలపు గొప్ప ఆటగాళ్లలో ఒకడయ్యాడు. వాళ్లు చూసేది పద్దెనిమిదేళ్లవాళ్లను, అదీ ఏళ్ల తరబడి, వీడియోలతో. మేం చూసింది తొమ్మిదేళ్లవాళ్లను, ఒక్క పొద్దున.

మా దగ్గర పుట్టినరోజుల కథ ఇంకో రకం. నా తరంలో బళ్లో సగంమంది జూన్‌లో పుట్టినవాళ్లమే. ఐదేళ్లు నిండితేనే చేర్చుకోవాలి గనక సార్లు జూన్‌లో ఏదో తారీఖు వేసేవారు. మా అమ్మ నేను బతుకమ్మ పండుగ ముందర పుట్టానంటుంది, నా టెన్త్ మెమో జూన్ అంటుంది. బర్త్ సర్టిఫికెట్లు వచ్చాక ఇది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ముప్పై నాలుగో నంబరు కాగితమూ జూనే. బీడీలు చేసే వాళ్లమ్మను అడిగితే, "సంకురాత్రికి పుట్టిండు సారూ, ఆధార్ల ఏమేసిన్రో ఏమో" అంది. అంటే కాగితం మీద ఆరేడు నెలలు పెద్దవాడై, తనకంటే నిజంగా పెద్దవాళ్లతో ఉరికాడన్నమాట.

ప్రతిభ ఉన్నవాడు ఎట్లాగైనా పైకొస్తాడని కొందరంటారు. టెన్నిస్ బంతితో మొదలుపెట్టిన ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనలేదా? కొన్నది. కానీ ఆ మాటలో ఒక మోసం ఉంది. మనకు కనబడేది పైకొచ్చినవాళ్లే గనక, వాళ్లనే లెక్కబెట్టి లెక్క సరిపోయిందంటాం. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి పోయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి కూడా ఒక బడి పీఈటీ కంట పడితేనే ఈ దారిలోకి వచ్చింది. ఆ రోజు ఆయన సెలవులో ఉంటే?

సాయంత్రం ర్యాంకులు తేలాయి. జిల్లాకు పంపే జాబితాలో ముప్పై నాలుగో నంబరు ఒక్క స్థానంలో తప్పిపోయాడు. ముప్పై మీటర్ల పరుగులో సెకనులో పదో వంతు తేడా. నేను ఇంజినీరుని, నాకు తెలుసు. చేత్తో నొక్కే గడియారంలో అంతకంటే ఎక్కువే తప్పొస్తుంది. వాడికీ పైవాడికీ ఉన్న తేడా నా బొటనవేలు చేసే తప్పుకంటే తక్కువ. అయినా రెండు దశాంశాల దాకా టైమ్ వేసి ప్రింటు తీశాను. అంకె మార్చి ఉంటే ఇంకో పిల్లవాడి సీటు పోయేది, అది తప్పే. మార్చకపోవడం న్యాయమని మాత్రం ఇప్పటికీ అనలేను.

"అచ్చేయేడు మల్ల పెట్టరా సారూ?" అంది వాళ్లమ్మ. నాలుగో తరగతికే గదా, అప్పటికి వాడి వయసు దాటిపోతుంది. దోస్తే అందుకున్నాడు. "ఐదో తరగతికి గురుకులం పరీక్ష రాపిద్దాం అక్కా. పోరన్ని రోజు పొద్దుగాల ఆరింటికి గ్రౌండుకు తోలియ్యి."

ఇదంతా ఒక పుస్తకాల మనిషి ఎందుకు రాస్తున్నాడంటే, అదే పని నేనూ చేశాను గనక. మూడేళ్ల కింద సిరిసిల్ల కుర్రాడొకడి మొదటి కవితా సంపుటి మీద సమీక్ష రాస్తూ "వస్తువు ఉంది, పరిణతి లేదు" అన్నాను. అదే నెలలో ఇంట్లో నిండా పుస్తకాల మధ్య పెరిగిన నగర కవి మొదటి పుస్తకంలో పరిణతి చూసి మురిసిపోయాను. సిరిసిల్ల కుర్రాడు "థాంక్స్ అన్నా" అని మెసేజ్ పెట్టాడు. తర్వాత ఎక్కడా అతని కవిత కనబడలేదు. నావల్లే అనుకునేంత పెద్ద విమర్శకుణ్ణి కాను గానీ, ముల్లయితే దిగింది.

సెలక్షన్లయిన రెండ్రోజులకు కథలాపూర్, రుద్రంగి మీదుగా సిరిసిల్ల పోయాను. అతను సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు దిగి హోటల్‌కొచ్చాడు. మరమగ్గాల చప్పుడుకు అలవాటైనవాళ్లందరిలాగే గట్టిగా మాట్లాడతాడు. నోటుబుక్కు తీసి అంతే గట్టిగా కొత్త కవిత చదివాడు. చాయ్ తాగేవాళ్లంతా మావైపు తిరిగారు. చదవడం అయ్యాక అడిగాడు.

"మొదటిదానికంటే నయమేనా అన్నా?"

చెప్పలేకపోయాను. ఆ మొదటి పుస్తకం ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు, హైదరాబాద్‌లో ఉంది. పోయి, అది పక్కన పెట్టుకుని ఇది చదివి చెప్తానన్నాను.

"అది గూడ మల్ల సదువుతవా?" అన్నాడు, నోటుబుక్కు నా వైపు జరుపుతూ.