మనల్ని చూసే ప్రకటనలు

గౌలిపురలో మా సందు మొగదల ఒక గోడ ఉంది. దాని నిండా తెలుగులోనూ, ఉర్దూలోనూ ప్రకటనలే. ఇష్టముంటే చదువుతాను, లేకుంటే నా దారిన పోతాను. నేనెవరో ఆ గోడకు తెలియదు.

కంప్యూటరులో సంగతి వేరు. నిన్న చెప్పుల ధర చూస్తే, ఇవాళ ఏ పేజీ తెరిచినా చెప్పులే! మీరూ గమనించే ఉంటారు. మొన్న మా మనవడు గ్రహణాల పాఠం వెతుకుతూ "డౌన్‌లోడ్" అన్న పచ్చని బొత్తాం నొక్కాడు. అది పాఠం కాదు, ప్రకటన. మూసినకొద్దీ కొత్తవి తెరుచుకున్నాయి. "నేనేం చేశాను, తాతయ్యా?" అంటూ వాడు ఏడుపు మొహం పెట్టాడు.

ఆ రోజే యాడ్ బ్లాకర్ పెట్టాను. అది ప్రకటనను చెరిపేస్తుందనుకున్నారా? పాఠం ఒకచోటి నుంచి వస్తే, ప్రకటనలు తరచు వేరొకచోటి నుంచి వస్తాయి. ఆ చోట్ల జాబితా బ్లాకర్ దగ్గర ఉంటుంది. అక్కడికి అది కబురే పోనివ్వదు. కబురు పోకపోతే మీరేం చూస్తున్నారో అవతలివాడికి తెలియడమూ కష్టమే. పిల్లలను కనిపెట్టి చూస్తూ, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయరాదని 2023లో మన దేశం చేసిన చట్టంలోనూ రాశారు.

అంతలో ఒక చిక్కు వచ్చింది. మనవడు రోజూ కథలు చదివేచోట, ప్రకటనల డబ్బుతోనే తాము బతుకుతున్నామని ఒక చీటీ కనిపించింది. నిజమే, పత్రికల అట్టల మీదా ప్రకటనలుంటాయి గదా! వాడు చాలాసేపు ఆలోచించి, "వీళ్ళ ఒక్కరికీ అడ్డు తీసేద్దాం, తాతయ్యా" అన్నాడు. తీసేశాం.

ఇప్పుడు కథ పక్కన ఒక సబ్బుబిళ్ళ గంతులేస్తూ ఉంటుంది. వాడు దానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు.