తక్కువ సోడియం ఉప్పు - పరమాణువు చెప్పే సంగతి

ఉప్పు పొట్లం వెనుక ముద్రించిన చిన్న అక్షరాలను మీరెప్పుడైనా చదివారా? ‘తక్కువ సోడియం’ ఉప్పులో సాధారణంగా సోడియం క్లోరైడ్‌ను కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కాస్త చేదు తప్ప నాలుకకు పెద్ద తేడా తెలియదు. శరీరానికి మాత్రం తెలుస్తుంది. ఎలాగో గ్రహించాలంటే పాఠశాలలో చదివి మరచిన పరమాణు నిర్మాణాన్ని గుర్తు చేసుకోవాలి.

సోడియం పరమాణువులోని 11 ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ 2, 8, 1 చొప్పున కర్పరాలలో అమరి ఉంటాయి. పొటాషియానికి 19, వాటి అమరిక 2, 8, 8, 1. రెండింటికీ చివరి కర్పరంలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే. దానిని సులువుగా వదులుకొని ఒక ధనావేశం గల అయాన్లుగా మారుతాయి. ఎలక్ట్రాన్ అనేది ఒకటి ఉన్నదని ఎవరికీ తెలియని 1869లోనే మెండలీవ్ వీటిని ఒకే కుటుంబంలో చేర్చాడు. ఆ కుటుంబంలో కిందికి దిగేకొద్దీ ఒక్కొక్క కర్పరం పెరుగుతుంది, పరిమాణమూ పెరుగుతుంది. సోడియం అయాను వ్యాసార్థం సుమారు 102 పికోమీటర్లు, పొటాషియానిది 138.

ఇంత స్వల్పభేదం మీదనే మన గుండె లయ ఆధారపడి ఉన్నది. కణపొరలోని పొటాషియం మార్గం పెద్దదైన పొటాషియాన్ని పోనిచ్చి, చిన్నదైన సోడియాన్ని అడ్డగిస్తుంది. పెద్దది దూరిన రంధ్రంలో చిన్నది దూరలేదా అని మీరు అడగవచ్చు. విద్యార్థిగా నేనూ అడిగాను. 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఆ మార్గపు ఆకృతిని చూపినప్పుడు విషయం స్పష్టమైంది. రక్తంలోనైనా, కణంలోనైనా అయానును నీటి అణువులు చుట్టుకొని ఉంటాయి. ఇరుకు మార్గంలో ప్రవేశించాలంటే వాటిని విడవాలి. మార్గపు గోడలలోని ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమరి, విడిచిన నీటికి బదులుగా ఆసరా ఇస్తాయి. చిన్నదైన సోడియానికి ఆ ఆసరా సరిగా అందదు. కనుక అది నీటిని విడిచిపెట్టదు.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుండి 5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అదనాన్ని బయటికి పంపివేస్తాయి. రక్తపోటు గల చాలామందికి ఈ ఉప్పు మేలే చేస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి సంగతి వేరు. కాళ్ళు లేవడం లేదంటూ నా వద్దకు వచ్చిన ఒక వృద్ధుని ఈసీజీలో టీ తరంగాలు గుడారాల వలె నిలిచి ఉన్నాయి. ఆహారంలో మార్పేమీ లేదని ఆయన గట్టిగా చెప్పారు. వంటింట్లో ఉప్పు మార్చి నెల దాటిందని తరువాత కోడలు చెప్పింది. కాల్షియం, ఇన్సులిన్-గ్లూకోజు ఇచ్చాక తేరుకున్నారు. రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అవి వాడేవారు వైద్యుని అడగకుండా ఈ ఉప్పుకు మారవద్దు.

అదే కుటుంబంలో సోడియానికి పైమెట్టున లిథియం ఉన్నది. అమరిక 2, 1. తీవ్రమైన మానసిక ఉద్వేగ వ్యాధికి అది చక్కని మందు. మూత్రపిండాలు దానిని చాలావరకు సోడియం మాదిరిగానే తిరిగి పీల్చుకుంటాయి. శరీరంలో సోడియం తగ్గితే లిథియాన్ని మరింతగా నిలుపుకొంటాయి. మందు విషమయ్యే ప్రమాదం ఉన్నది. కాబట్టి లిథియం వాడేవారు ఏ ఉప్పునైనా అకస్మాత్తుగా తగ్గించరాదు, పెంచరాదు. వేసవిలో చెమట ఎక్కువ పట్టినా, విరేచనాలైనా, చేతులు వణికినా వెంటనే వైద్యుని కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.